పాలు చిక్కబడతాయి, మనిషి చిక్కిపోతాడు

పోయిన నెల గంజి గురించి రాస్తూ ‘గంజిని చిక్కబరచి’ అని ఒక ముక్క రాశాను. అదే కొంప ముంచింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘చిక్క’ చుట్టూనే తిరిగాయి. తప్పు పట్టినవాళ్ళున్నారు, కొత్త అనుమానాలు మోసుకొచ్చినవాళ్ళున్నారు. అన్నీ ఒకచోట పెట్టి జవాబిస్తున్నాను.

సెల్‌ఫోన్‌లో వచ్చే ఒక వంటల యాప్‌ను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే ఉద్యోగం నాది. ‘థికెన్’ అని వచ్చిన ప్రతిచోటా ‘చిక్కబరచండి’ అని రాస్తున్నాను. కూరను చిక్కబరచండి, పాకాన్ని చిక్కబరచండి, పిండిని చిక్కబరచండి. మా అమ్మ చదివి ‘ఇదేం తెలుగురా’ అని నవ్వింది. మాట నిఘంటువులో ఉంది కదా, మరి నవ్వెందుకు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ అమ్మగారు నవ్వి ఊరుకున్నారు. మా జేజి (నానమ్మ) అయితే తెడ్డు అందుకునేది.

మాది రాయచోటి పక్క పల్లె. కడప నుంచి రాయచోటి పోయే దారిలో, ఘాట్ రోడ్డు దగ్గర, గువ్వలచెరువు అనే ఊరుంది. అక్కడి పాలకోవాకు పెద్ద పేరు. ఆ దారిన పోయే ఎవరైనా ఒక పొట్లం కట్టించుకోకుండా రారు. మా ఇంట్లో మాత్రం కొనే పని లేదు. రెండు ఎనుములుండేవి (మీరు గేదెలంటారో బర్రెలంటారో). పండగ ముందు రోజు జేజి నాలుగైదు లీటర్ల పాలు వెడల్పాటి బాణలిలో పోసి కట్టెల పొయ్యి మీద పెట్టేది. అన్ని పాలకూ చివరికి మిగిలేది కిలో కోవా. కలబెట్టే పని నాది.

మొదట పాలు మరుగుతాయి. గంటె ఒక్క నిమిషం ఆపితే నురగ అంచు దాటి పొయ్యిలో పడుతుంది. తర్వాత ఇగురుతాయి. పాలు ఇందాక ఎక్కడిదాకా ఉండేవో బాణలి గోడ మీద తెల్లటి చారలు పడతాయి. ఆ చారను ఎప్పటికప్పుడు గీకి లోపలికి తొయ్యాలి. లేకపోతే అది మాడి కోవా అంతా ఒకటే వాసన. ఆపైన చిక్కబడతాయి. అప్పుడు బుడగల తీరు మారిపోతుంది. చిన్న బుడగలు పోయి పెద్దవి, బద్ధకంగా లేచేవి వస్తాయి. ఒక్కొక్కటి ‘బుడుక్’మని పగిలి చేతిమీద చిందుతుంది. చెయ్యి లాగేసుకోవాలనిపించేదీ అప్పుడే, లాగకూడనిదీ అప్పుడే. ఇక అయిపోయింది కదా అని నేను జేజి వైపు చూస్తే, ఆమె కూర్చున్నచోటు నుంచే బాణలిలోకి ఒక చూపు వేసి ‘ఇంగా దగ్గరికి రాలేదు మే, కలబెట్టు’ అనేది.

దగ్గరికి రావడమంటే ఏమిటో ఆ పొయ్యి దగ్గరే నేర్చుకున్నాను. గంటెతో నడుమ ఒక గీత గీస్తే, ఆ గీత వెంటనే పూడిపోకుండా బాణలి అడుగు కనపడాలి. అక్కడి నుంచి ముద్దకట్టడానికి ఎంతోసేపు పట్టదు.

చూడండి, ఒకటే బాణలి, అవే పాలు. మరగడం, ఇగరడం, చిక్కబడటం, దగ్గరికి రావడం, ముద్దకట్టడం అని అయిదు మాటలు పడ్డాయి. మీ యాప్‌లో అయిదింటికీ ఒకే మాట. నవ్వరా మరి?

మన వంటింట్లో మాట గిన్నెలో ఉన్నదాన్ని బట్టి, లోపల జరుగుతున్నదాన్ని బట్టి మారుతుంది. నీరు పోయి మిగిలింది కూడుకుంటే అది ఇగరడం. కోడి ఇగురు, రొయ్యల ఇగురు అనే పేర్లు అందులోంచే వచ్చాయి. కూర దగ్గరపడుతుంది. పాకం చిక్కబడదు, ముదురుతుంది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని దానికి వయసులు కూడా ఉన్నాయి. ‘వ్యవహారం ముదిరి పాకాన పడింది’ అనేది ఆ పొయ్యి మీది మాటే. దోసెల పిండి జారుగానో గట్టిగానో ఉంటుంది. సంగటి గట్టిపడుతుంది. పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, రక్తం గడ్డకడుతుంది. మజ్జిగపులుసు సంగతి మళ్ళీ వేరు. అందులో నీళ్ళు ఎక్కడికీ పోవు. మనం జారుగా కలిపి పోసిన శనగపిండో బియ్యప్పిండో వేడికి ఉబ్బి ఆ నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి అక్కడ ‘పిండి కలిపి పోయండి’ అంటేనే పని జరుగుతుంది. ‘పులుసును చిక్కబరచండి’ అంటే కొత్తగా వంట నేర్చుకునే పిల్ల గంటసేపు మరగబెట్టి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. మీ అమ్మగారికి ముందు తగిలింది ఇదే అయి ఉంటుంది. ‘బరచు, పరచు’ చేర్చిన మాటలు ఎక్కువగా ఆఫీసు కాగితాల్లో ఉంటాయి. బలపరచు, స్థిరపరచు, ధ్రువపరచు, ఆ వరస. వంట చేసే ఆడవాళ్ళెవరూ తాము కూరను చిక్కబరిచామని చెప్పుకోరు. కూర తనంతట తాను చిక్కబడుతుంది, మనం కాచుకుని ఉంటాం. అందుకే ‘చిక్కబడేదాకా ఉంచండి’, ‘దగ్గరపడ్డాక దించండి’ అంటాం. మీ యాప్‌లో ‘బరచండి’ తీసేసి ‘బడేదాకా’ అని పెట్టి చూడండి. సగం నవ్వు అక్కడే ఆగిపోతుంది. మిగతా సగానికి వాక్యం వాక్యం పట్టుకుని మీ అమ్మగారి పక్కన కూర్చోవాల్సిందే. ఆమెకు జీతం ఇవ్వమని మీ కంపెనీకి నేను సిఫార్సు ఉత్తరం రాస్తాను.

మరి నేను ‘గంజిని చిక్కబరచి’ అని ఎందుకు రాశానంటారా? పొరపాటే. ఇరవై ఏడేళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. ఆ గాలి నాకూ సోకింది.

అమ్మా, ‘చిక్కబరచి’ అన్నారు. ‘చిక్కపరచి’ అని ఉండాలి కదా? బలపరచు, గట్టిపరచు అంటాం కానీ బలబరచు అనం. పత్రికలవాళ్ళే ఇలా రాస్తే పిల్లలకు మేమేం చెప్పాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, వంటింట్లో నేను తప్పు, వ్యాకరణంలో కాదు.

తెల్లబడు, నల్లబడు, ఎర్రబడు, పచ్చబడు, చల్లబడు, మెత్తబడు, పలచబడు, చిక్కబడు. వీటన్నిటికీ విడిగా ‘న’తో ముగిసే రూపం ఉంది: తెల్లన, నల్లన, ఎర్రన, పచ్చన, చల్లన, మెత్తన, పలచన, చిక్కన. గట్టి, బలం, స్థిరం, దగ్గర, వీటికి ఆ ‘న’ లేదు. అందుకే గట్టిపడు, బలపడు, స్థిరపడు, దగ్గరపడు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు’ అని మీరే కొన్ని వందల మందికి బట్టీ పెట్టించి ఉంటారు. అంటే, ‘న’తో ముగిసే మాట తర్వాత వచ్చే క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలు అవుతాయి. పాత పుస్తకాల్లో ‘తెల్లఁబడు’ అని అరసున్నతో అచ్చువేసేవారు. పోయిన నకారానికి గుర్తు ఆ అరసున్నే. అరసున్న అచ్చులోంచి పోయింది, ‘బ’ మాత్రం మిగిలింది.

డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు నేను సూత్రం చెప్పేదాన్ని కాదు. ‘చివర న పెట్టి చూడు, పలికితే బ’ అని చెప్పేదాన్ని. ‘వెనకబడు’ లాంటివి దీనికి లొంగవు, వాటిని వాటి మానాన వదిలేయండి. ఈ చిట్కాతో చాలావరకు గట్టెక్కుతారు.

మేము డాలస్‌లో ఉంటాం. మొన్న ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మా అబ్బాయిని చూసి ‘ఎంత చిక్కిపోయావురా’ అన్నారు. వాడికి చిక్కటి పాలు, చిక్కటి కాఫీ తెలుసు. ‘నానమ్మ నన్ను లావయ్యావని అంటోంది’ అని అలిగి గదిలోకి పోయాడు. పాలకు దట్టం, మనిషికి సన్నం, ఒకే మాట ఎలా అయింది?
— ఒక పాఠకురాలు, అమెరికా

పిల్లవాడి తర్కం బాగుంది. నానమ్మ తప్పేమీ లేదు. మధ్యలో ఇరుక్కున్నది మీరు. ఈ ‘ఇరుక్కున్నది’ని కూడా చిక్కుకున్నది అనొచ్చు.

తేడా అంతా క్రియలో ఉంది. మనిషి విషయంలో ‘చిక్కు’ అనేది ఒంటరి క్రియ. చిక్కాడు, చిక్కిపోయాడు, చిక్కి శల్యమయ్యాడు. పాల విషయంలో ‘చిక్క’ గుణం, దానికి ‘పడు’ తోడు కావాలి. మనిషి ఎప్పుడూ చిక్కబడడు. పాలు ఎప్పుడూ చిక్కిపోవు. ‘ఈ పూట పాలు చిక్కాయి’ అని ఎవరైనా అంటే పాలు దొరికాయని అర్థం. మీ అబ్బాయికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు. ‘పోయావు’ అంటే సన్నబడ్డావని, ‘బడ్డాయి’ అంటే పాలని.

దొరకడం అనే అర్థం ఎంత పాతదో పోతన భాగవతంలో ఉంది. వెన్న దొంగిలించిన కృష్ణుణ్ణి యశోద రోటికి కట్టేసిన చోట, ‘చిక్కఁడు సిరికౌఁగిటిలోఁ జిక్కఁడు సనకాది యోగి చిత్తాబ్జములం’ అని మొదలెట్టి, వేదాలకూ చిక్కనివాడు చివరికి ‘చిక్కె నతఁడు లీలఁ దల్లిచేతన్ ఱోలన్’ అని ముగిస్తాడు. నాలుగు పాదాల చిన్న కందంలో నాలుగుసార్లు అదే క్రియ. మూడుసార్లు చిక్కడు, నాలుగోసారి చిక్కాడు. మీ అబ్బాయికి ఈ పద్యం నేర్పితే నానమ్మతో రాజీ కుదరవచ్చు.

ఈ రెండర్థాల వల్ల నా చేతిలోనే ఒకసారి గొడవ జరిగింది. ఒక నాయకుడు నిరాహారదీక్షలో ఉన్నాడు. నాలుగో రోజు ఫొటో కింద మా వాళ్ళు ‘దీక్షలో చిక్కిన నేత’ అని శీర్షిక పెట్టారు. రాత్రి పదకొండింటికి ప్రూఫు నా ముందుకొచ్చింది. అక్షరదోషం లేదు, వదిలేశాను. పొద్దున్నే ఫోన్లు. ‘మా సారు దేంట్లో చిక్కాడు? ఎవరికి చిక్కాడు? దీక్షలో దొంగతనంగా ఏమైనా తింటూ దొరికాడని రాస్తారా?’ అని అరుపులు. సన్నబడ్డాడనే మా ఉద్దేశం అని ఎంత చెప్పినా వినలేదు. నిజానికి ఆ ఫొటోలో ఆయన ఏమంత సన్నబడ్డట్టు కూడా లేడు. దాంతో మా మాట అసలు నిలవలేదు. ఆ రోజు నుంచి ఇంకే శీర్షికలోనూ ‘చిక్కిన’ను ఒంటరిగా వదల్లేదు.

చిక్కులో ఇంకా శాఖలున్నాయి. జుట్టుకు పట్టేది చిక్కు, దారానికి పడేది చిక్కుముడి, కుదరని సమస్య చిక్కు సమస్య. దూడ మూతికి కట్టే అల్లిక చిక్కం. ఎద్దులు చేలో అటూ ఇటూ మేయకుండా వాటికీ చిక్కం కడతారు. ఇవన్నీ పట్టుకుని ఆపేవి. అందరికీ తెలిసిన మాటలే, వీటి మీద ఎక్కువ చెప్పను.

తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతాను. సాంద్రత అంటే చిక్కదనం అని ఒక విద్యార్థి రాశాడు. మార్కు వెయ్యాలా వద్దా?
— ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ

వెయ్యకండి. కానీ వాణ్ణి పిలిచి ఒక గ్లాసులో నీళ్ళు, దాంట్లో ఒక చెంచా ఆముదం పోసి చూపించండి. ఆముదం నీటికంటే ఎంత చిక్కనో వేరే చెప్పక్కర్లేదు, చెంచా వదలదు. అయినా నీటి మీద తేలుతుంది. అంటే చిక్కన ఎక్కువ, సాంద్రత తక్కువ. పాదరసం దీనికి తిరగేసి. నీటికి 13.6 రెట్లు బరువు, అయినా తేనెలా సాగదు, చెయ్యి జారి నేలంతా పరుగెడుతుంది. సైన్సు పుస్తకం చిక్కదనాన్ని స్నిగ్ధత అంటుంది. ఎంత పరిమాణంలో ఎంత ద్రవ్యరాశి ఉందనేది సాంద్రత. నీళ్ళలో ఉప్పెంత కరిగిందనేది గాఢత. మనం వాడుకలో ఈ మూడింటికీ ‘చిక్కన’ అనేస్తాం, అందుకే పిల్లవాడు తడబడ్డాడు.

ఇంట్లో చూపించాలంటే పాలకంటే మంచి ఉదాహరణ లేదు. పాలగిన్నెలో అన్నిటికంటే చిక్కనిది మీగడ. అది ఎక్కడుంటుంది? పైన. అన్నిటికంటే చిక్కనిదే అన్నిటికంటే తేలిక. ఎందుకంటే కొవ్వు నీటికంటే తేలిక. దాశరథీ శతకంలో రామదాసు ‘చిక్కని పాలపై మిసిమి జెందిన మీగడ’ అన్నాడు. ‘పాలలో’ అనలేదు, ‘పాలపై’ అన్నాడు. భక్తుడే అయినా గిన్నెలోకి సరిగ్గానే చూశాడు.

ఇదే కిటుకు మా నాయనకు నష్టం తెచ్చింది. పాలు పోయించుకునే కేంద్రంలో లాక్టోమీటరు ముంచి చూసేవాళ్ళు. అది కొలిచేది చిక్కదనాన్ని కాదు, సాంద్రతను. నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గి గొట్టం కిందికి దిగుతుంది, దొరికిపోతారు. కానీ ముందు మీగడ తీసేస్తే పాలు బరువెక్కుతాయి. ఆ తర్వాత కాసిన్ని నీళ్ళు కలిపితే అంకె మళ్ళీ మామూలుకు వస్తుంది. మా వీధిలో ఒకాయన రోజూ ఈ పనే చేసి మంచి అంకె తెచ్చుకునేవాడు. మా నాయన మీగడతో సహా పోసి, ‘నీ పాలు పలచన’ అనిపించుకుని ఇంటికొచ్చేవాడు. తర్వాత కొవ్వు కొలిచే యంత్రం వచ్చాక ఆయన ముఖం కాస్త విప్పారింది. అప్పటికి మా పెద్ద ఎనుమును అమ్మేశాం.

మీ పుస్తకంలోనే ఇంకో ఉచ్చు ఉంది, చూసుకోండి. ఆవిరి చల్లబడి నీరు కావడాన్ని సాంద్రీకరణం అంటారు. పేరు చూసి పిల్లలు ఏదో చిక్కబడుతోందనుకుంటారు. చెంబులో చల్లటి నీళ్ళు పోస్తే బయట పట్టే చెమట చూపించి, ఇదే సాంద్రీకరణం అని చెబితే తేలిపోతుంది. జనసాంద్రత కూడా అంతే. 2011 లెక్కల ప్రకారం దేశంలో చదరపు కిలోమీటరుకు 382 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308 మంది. అంతమంది ఉన్నా ‘చిక్కటి జనం’ అని ఎవరూ అనరు, ‘కిక్కిరిసిన జనం’ అంటాం. అడవి దట్టంగా ఉంటుంది, జుట్టు ఒత్తుగా ఉంటుంది, గుడ్డ దళసరిగా ఉంటుంది, గోడ మందంగా ఉంటుంది. చీకటి మాత్రం పాలలాగే చిక్కబడుతుంది. చీకటిని ద్రవంగా చూసినవాడెవడో కానీ, వాడికి నా నమస్కారం.

కూరడం, కుక్కడం, దట్టించడం, తొక్కడం. నాలుగూ ఒకటేనా? మాది మిర్చి వ్యాపారం.
— ఒక పాఠకుడు, గుంటూరు

మిర్చి యార్డు పక్కనుండి నన్నడుగుతారేమండీ! మీ టిక్కీల్లో కాయను నింపేటప్పుడు సంచిలోకి మనిషి దిగి కాళ్ళతో అదుముతాడు. దాన్ని తొక్కడం అంటారు తప్ప కూరడం అనరు. కాళ్ళు పడితే తొక్కడం, వేళ్ళు పడితే కూరడం. గుత్తివంకాయలో కారం కూరుతాం, దిండులో దూది కూరుతాం. కుక్కడంలో ఎప్పుడూ కొంచెం చిరాకు ఉంటుంది. బస్సులో జనాన్ని కుక్కుతారు, పెళ్ళికి పోయే తొందరలో మా తమ్ముడు సూట్‌కేసులో పట్టుచీరను కుక్కుతాడు. ఇష్టంగా సర్దిన పెట్టెను ‘కుక్కిన పెట్టె’ అనం.

ఇక దట్టించడం. ఇది కాస్త పౌరుషం ఉన్న మాట. తుపాకీలో మందు దట్టిస్తారు, సినిమాలో మసాలా దట్టిస్తారు. లోపల పెట్టింది తర్వాత పేలాలి, ఘాటెక్కాలి. ఆ ఉద్దేశం లేకపోతే దట్టించడం అనం. ‘బీరువాలో బట్టలు దట్టించాను’ అంటే వినడానికి భయమేస్తుంది.

మా అన్న దీపావళికి ఇంట్లోనే చిచ్చుబుడ్లకు మందు కూరేవాడు. (ఇప్పుడు ఎవరూ చేయొద్దు, మేం బతికి బట్టకట్టింది అదృష్టం.) మట్టి బుడ్డిని మోకాళ్ళ నడుమ బోర్లా పట్టుకుని, అడుగునున్న పెద్ద బొక్కలోంచి మందు పోసి, కర్రముక్కతో మెల్లగా అదుముతూ, మళ్ళీ పోసి మళ్ళీ అదుముతూ నింపేవాడు. చివర్న తడిమట్టితో మూసేవాడు. వదులుగా కూరింది ‘స్స్’మని మోకాలెత్తు లేచి చల్లబడేది. మరీ బిగించింది పూలు పూయకుండా బుడ్డే పగిలిపోయేది. ఒక ఏడాది అలా పగిలిన బుడ్డి మా అమ్మ చీర కుచ్చిళ్ళకు ఏడు బొక్కలు పెట్టింది. ‘నిన్ను కూరమన్నానా, దట్టించమన్నానా?’ అని అమ్మ అన్నను తిట్టిన తిట్టు ఇప్పటికీ మా ఇంట్లో సామెత. ఆ రెండు మాటలకు ఇంతకంటే మంచి తేడా నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు.

మీరు అడగలేదు కానీ, వ్యాపారస్తులు కాబట్టి ఇంకొకటి. గింజలు కొలిచేటప్పుడు మానికను కాస్త కుదిపి పోస్తే ఇంకో పిడికెడు పడుతుంది. కొనేవాడు కుదపమంటాడు, అమ్మేవాడు వినపడనట్టు ఉంటాడు.

కంప్యూటర్‌లో ఫైలును కంప్రెస్ చేయడానికి తెలుగులో ఏమనాలి? దట్టించడం అనొచ్చా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

పై జవాబు చదివాక కూడా ఫైలును దట్టిస్తానంటే మీ కంప్యూటర్‌కు ఎవరు పూచీ? కుదించడం అనండి, సరిపోతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం నేనూ ‘జిప్ చేసి పంపు’ అనే అంటాను.

చిక్కబళ్ళాపురం, చిక్కమగళూరు పేర్లలోని ‘చిక్క’ మన చిక్కన పాల చిక్కేనా? మా ఆఫీసులో తెలుగువాళ్ళం పందెం కాశాం.
— ఒక పాఠకుడు, బెంగళూరు

అవునన్నవాళ్ళు ఓడిపోయారు. కన్నడంలో చిక్క అంటే చిన్న. చిన్నాన్నను చిక్కప్ప అని, పిన్నిని చిక్కమ్మ అని పిలుస్తారు. పెదనాన్న దొడ్డప్ప. చిక్కమగళూరు అంటే చిన్న కూతురి ఊరు. ఆ పక్కనే హిరేమగళూరు ఉంది, అది పెద్ద కూతురిది. చిన్న కూతురికి పెళ్ళిలో ఇచ్చిన ఊరని అక్కడ చెప్పుకునే కథ. మీరు కర్ణాటకలో కాఫీ ‘చిక్కదు’ కావాలని అడిగితే చిన్న కప్పు ఇచ్చినా ఆశ్చర్యం లేదు. చిక్కగా కావాలంటే ‘స్ట్రాంగ్’ అనండి, అది మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే.

కాఫీ మాట వచ్చింది కాబట్టి, పందెం డబ్బులతో పొడి కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. కాఫీకి చికోరీ కలిపి అమ్మేటప్పుడు అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన, ఎంత శాతమో ప్యాకెట్ మీద వేయాలి. చికోరీ కలిస్తే డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. మా ఇంట్లో 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ. మా ఆయన 60, 40 చేయమంటాడు, చిక్కగా ఉంటుందని. ముప్ఫై ఏళ్ళుగా ఆ విషయంలో ఇద్దరం దగ్గరపడలేదు.